పాలచౌడు, కారుచౌడు, ఒక కరివేపాకు కుండీ

(హైదరాబాద్‌లో ఒక ఆదివారం ఉదయం మిద్దెతోటల మిత్రులు, కాలేజీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. వక్త వరి జన్యుశాస్త్రంలో పనిచేసి రిటైరైన శాస్త్రవేత్త. రికార్డింగ్ విని రాశాం. తిరిగి తిరిగి చెప్పిన మాటలు కొన్ని తీసేశాం తప్ప మిగతాదంతా ఆయన మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక దాకా వినపడుతోందా? వినపడుతుంటే చెయ్యెత్తండి. వినపడనివాళ్లు ఎత్తరు కాబట్టి ఈ పరీక్షకి అర్థం లేదనుకోండి, అయినా అలవాటు. (నవ్వులు)

నన్ను పిలవడానికి మా ఇంటికొచ్చిన మేడమ్ ఒక కవర్లో కరివేపాకు రెమ్మ పట్టుకొచ్చారు. "సార్, ఇదేం తెగులో చూడండి. మూడేళ్ల మొక్క. మూడు మందులు కొట్టాం, తగ్గలేదు" అన్నారు. చూస్తే కింది ఆకులు కొసల్లో మాడి ఉన్నాయి, ఎవరో అగరొత్తితో చురక పెట్టినట్టు. పైన చిగురు మాత్రం పచ్చగానే ఉంది. "నీళ్లేవి పోస్తున్నారమ్మా?" అన్నాను. "బోరు నీళ్లే సార్. టీడీఎస్ వెయ్యి ఉందని ఫిల్టర్ అబ్బాయి చెప్పాడు."

అది తెగులు కాదు, ఉప్పు. ఒక లెక్క వేద్దాం. టీడీఎస్ వెయ్యి అంటే లీటరు నీళ్లలో ఒక గ్రాము లవణాలు కరిగి ఉన్నాయని. రోజుకో లీటరు పోస్తే కుండీలోకి రోజుకో గ్రాము వెళ్తుంది. నీళ్లు ఆవిరైపోతాయి, మొక్క తాగేస్తుంది. లవణాలు ఎక్కడికి పోతాయి? చాలావరకు అక్కడే ఉంటాయి. ఏడాదికి 365 గ్రాములు. అందులో అంతా మనం తినే ఉప్పు కాదు, కాల్షియం, మెగ్నీషియం కూడా ఉంటాయి. అయినా మూడేళ్లకి ఆ కుండీలోకి కిలో పైన వెళ్లింది. కిలో లవణాలు పోసి మూడు పురుగుమందులు కొడితే తగ్గుతుందా?

ఈ కుండీలో మూడేళ్లలో జరిగిందే పొలంలో ముప్పై ఏళ్లు పడుతుంది. కాలవ నీళ్లు ఎక్కువ పెట్టి, మురుగు పోయే దారి లేక, కింది నీటిమట్టం పైకొచ్చి, ఎండకి నీళ్లు ఆవిరై ఉప్పు మిగిలిపోయి నేల చౌడు బారుతుంది. సముద్రం పక్కనైతే ఇంకో దారి. పక్క చేలో రొయ్యల చెరువు తవ్వితే ఆ ఉప్పునీళ్లు ఇటు ఊరడంతో వరిచేను పాడవుతుంది. కర్నాల్‌లో 1969లో పెట్టిన కేంద్ర చౌడు నేలల పరిశోధన సంస్థ ఉంది. వాళ్ల లెక్కలో మన దేశంలో ఇలా పాడైన నేల 67 లక్షల హెక్టార్లు.

ఉప్పు మొక్కని రెండు దెబ్బలు కొడుతుంది. మొదటిది మీ వంటింట్లో చూసేదే. మాగాయ పెట్టేటప్పుడు ముక్కల్లో ఉప్పు, పసుపు వేసి జాడీలో మూడ్రోజులు ఉంచుతారు కదా. మూత తీస్తే ముక్కలు ఊటలో తేలుతుంటాయి. ఆ నీళ్లు మనం పోసినవి కావు, ముక్కలోంచి ఉప్పు లాగినవి. వేరు చుట్టూ ఉప్పు పేరుకుంటే వేరుకీ అదే గతి. తడి కళ్లముందు ఉన్నా తాగలేదు. అందుకే ఉప్పు నేలలో మొక్క నీళ్లలో నిలబడి దాహంతో ఉంటుంది. ఈ దెబ్బ గంటల్లో తెలుస్తుంది, ఎదుగుదల ఆగిపోతుంది.

రెండో దెబ్బ నిదానం. నీళ్లతోపాటు సోడియం ఆకులోకి ఎక్కుతుంది. సోడియం, పొటాషియం చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. కణం లోపల 50కి పైగా ఎంజైములు పొటాషియం ఉంటేనే పనిచేస్తాయి. ఆ కుర్చీలో సోడియం వచ్చి కూర్చుంటుంది, పని మాత్రం చెయ్యదు. ఇలాంటివాళ్లు ఆఫీసుల్లో మీకు తెలిసే ఉంటారు. (నవ్వులు) ముసలి ఆకు ఎక్కువ రోజులుగా నీళ్లు లాగుతోంది కాబట్టి దాంట్లోనే సోడియం ఎక్కువ చేరుతుంది, అదే ముందు మాడుతుంది. మేడమ్ గారి రెమ్మలో కింది ఆకులే ఎందుకు మాడాయో ఇప్పుడు అర్థమైంది కదా.

మాది దివిసీమ. 1977 నవంబర్ 19న ఉప్పెన వచ్చినప్పుడు నాకు పన్నెండేళ్లు. ఆ రాత్రి గురించి నేను మాట్లాడను, చాలామంది మాట్లాడారు. తర్వాత సంగతి చెబుతాను. నీళ్లు తీసేశాక చేలు ఎండి, పైన తెల్లటి పొర లేచింది. మా పెదనాన్న ఒక మట్టిబెడ్డ తీసి, నలిపి, చిటికెడు నాలుక మీద వేసుకుని ఉమ్మేశాడు. "ఇది పాలచౌడేరా, భయం లేదు. మంచి నీళ్లు పెట్టి దించేస్తే పోతుంది. కారుచౌడైతే చచ్చేవాళ్లం" అన్నాడు. చెప్పినట్టే వానాకాలం నీళ్లు కట్టి, మురుగు కాలవలోకి వదిలి, మళ్లీ కట్టి, మళ్లీ వదిలారు. పంట దారిలో పడ్డానికి రెండేళ్లు పట్టింది.

ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. ఎంఎస్సీలో చదివినా అర్థం కాలేదు. పీహెచ్‌డీలో బొక్కబోర్లా పడ్డాక అర్థమైంది. అక్కడికి వస్తాను, ముందు జన్యువుల కథ కొంచెం చెప్పాలి.

మీ అపార్ట్‌మెంట్‌లోకి కొత్త మనిషి వస్తే మూడు చోట్ల ఆపొచ్చు. గేటు దగ్గర వాచ్‌మన్ వెనక్కి పంపొచ్చు. లిఫ్ట్ ఎక్కాక మధ్యలో దింపేయొచ్చు. లేదా పైకి వచ్చాక ఎవరికీ అడ్డం లేకుండా ఒక గదిలో కూర్చోబెట్టి తలుపేయొచ్చు. మొక్క సోడియంని ఈ మూడు రకాలుగానే సంభాళిస్తుంది. మూడింటికీ వేర్వేరు ప్రొటీన్లున్నాయి, ఆ ప్రొటీన్లు తయారుచేసే జన్యువులున్నాయి. గత ముప్పై ఏళ్ల పరిశోధనలో పెద్ద భాగం ఈ మూడు తలుపుల్ని కనిపెట్టడమే.

గేటు వాచ్‌మన్ని ఎలా పట్టుకున్నారో చెబుతాను. నాకు చాలా ఇష్టమైన ప్రయోగం, ఖర్చు దాదాపు లేనిది. అరబిడాప్సిస్ అని ఆవాల కుటుంబంలో బుల్లి కలుపు మొక్క ఉంది. జియాన్ కాంగ్ జూ అనే శాస్త్రవేత్త, ఆయన బృందం 1990ల్లో దాని విత్తనాలకి రసాయనాలు పట్టించీ, ఇంకా రకరకాలుగానూ జన్యువులు చెడగొట్టి, వేల మొలకల్ని పరీక్షించారు. ఎలాగంటే, చైనాగ్రాస్ తెలుసు కదా, ఆ జెల్లీని గాజు పళ్లెంలో పోసి, దాన్ని పుస్తకంలా నిలువుగా నిలబెట్టి, మొలకలు పెంచుతారు. వేళ్లు దారాల్లా కిందికి దిగుతాయి. కొంచెం పెరిగాక వాటిని ఉప్పు కలిపిన జెల్లీ మీదికి మార్చి, పళ్లేన్ని తలకిందులు చేస్తారు. ఇప్పుడు వేరు కొస ఆకాశం వైపు ఉంది. వేరుకి భూమి ఎటుందో తెలుసు కాబట్టి మంచి మొలక వేరు కొక్కెంలా వంగి మళ్లీ కిందికి వస్తుంది. వంగాలంటే పెరగాలి. ఉప్పుకి తట్టుకోలేని మొలక పెరగలేదు, కాబట్టి వంగదు, తిన్నగా పైకి చూస్తూ అలాగే ఉండిపోతుంది. మర్నాడో ఆ మర్నాడో పళ్లెం చూస్తే వంద కొక్కేల మధ్య ఒక్క తిన్నటి గీత. అదే దొంగ, పట్టుకో!

అలా దొరికిన వాటికి ఎస్ఓఎస్ అని పేరు పెట్టారు. ఉప్పంటే అతిగా బెదిరిపోయేవి అని దాని అర్థం. ఓడ మునిగేటప్పుడు పంపే సంకేతం కూడా అదే కాబట్టి పేరు నిలిచిపోయింది. 2000 నాటికి మూడు జన్యువులు బయటపడ్డాయి. ఉప్పు తగలగానే కణంలో కాల్షియం పెరుగుతుంది. మూడో ఎస్ఓఎస్ ఆ కాల్షియంని పసిగట్టి రెండోదాన్ని లేపుతుంది, రెండోది మొదటిదాన్ని తడుతుంది, మొదటిది పంపులా సోడియంని బయటికి తోస్తుంది. గమనించండి, వాళ్లు వెతికింది ఉప్పుని తట్టుకునే మొక్క కోసం కాదు, తట్టుకోలేని మొక్క కోసం. ఫ్యాను తిరగనప్పుడే కదా వైరు ఎక్కడుందో తెలిసేది. ఇంతకీ ఉప్పు వచ్చిందని మొక్కకి మొట్టమొదట ఎలా తెలుస్తుంది అనే ప్రశ్నకి 2019 దాకా సరైన సమాధానం లేదు. కణం పొరలోని ఒక రకం కొవ్వు పదార్థానికి సోడియం అంటుకోవడమే మొదటి గంట అని అప్పుడు తేలింది.

రెండో తలుపు, అదే లిఫ్ట్‌లోంచి దింపడం, మన వరి కథ. బెంగాల్ తీరంలో నోనా బోక్రా అనే పాత వరి ఉంది. వాళ్ల భాషలో నోనా అంటే ఉప్పగా ఉన్నది. జపాన్‌లో కోషిహికారి అనే వరి ఉంది, అన్నం బ్రహ్మాండం, ఉప్పు తగిలితే చస్తుంది. చైనా శాస్త్రవేత్తలు ఈ రెంటినీ సంకరం చేసి, ఒకటో క్రోమోజోమ్ మీద ఒక జన్యువుని పట్టుకుని 2005లో ప్రకటించారు. ఆ జన్యువు చేసే ప్రొటీన్ వేరులో దారువు పక్కనున్న కణాల్లో ఉంటుంది. దారువు అంటే నీళ్లు పైకెక్కే గొట్టం. ఆకుకి వెళ్తున్న నీళ్లలోంచి సోడియంని అది వెనక్కి లాగేస్తుంది. ఈ రెండు వరుల ప్రొటీన్లకీ తేడా ఎంతో తెలుసా? నాలుగు అమైనో ఆమ్లాలు, అంతే. ఒక పద్యంలో నాలుగక్షరాలు మారితే అర్థం మారినట్టు.

దాదాపు అదే చోట, అదే ఒకటో క్రోమోజోమ్ మీద, కేరళ పొక్కాలి వరిలోనూ ఉప్పుని తట్టుకునే భాగం ఉందని అంతకుముందే తెలుసు. దాన్ని సాల్టాల్ అంటారు. పొక్కాలి గురించి రెండు మాటలు. ఎర్నాకుళం, ఆలప్పుళ వైపు వానాకాలంలో ఉప్పు కొట్టుకుపోయాక ఈ వరి వేస్తారు, కోత అయ్యాక అదే చేలో సముద్రపు పోటు నీళ్లు పెట్టి రొయ్యలు పెంచుతారు. రొయ్యకీ వరికీ తగాదా పెట్టుకుని కోర్టులకెక్కే మనం వెళ్లి చూసి రావాల్సిన పద్ధతి. (నవ్వులు)

పొక్కాలి అంత మంచిదైతే అదే వేసుకోవచ్చు కదా అని అడుగుతారు. మనిషెత్తు పెరిగి పడిపోతుంది, దిగుబడి తక్కువ, బియ్యం ఎర్రగా ఉంటుంది. సోనా మసూరి తినే నాలుకకి నచ్చదు. కాబట్టి దాంట్లోంచి ఆ ఒక్క ముక్క తీసి మనకి కావాల్సిన వరిలో పెట్టాలి. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ పొక్కాలిని ఐఆర్ 29 అనే వరితో కలిపి ఎఫ్ఎల్ 478 అనే వంగడం తీసింది. పొట్టిగా ఉంటుంది, సాల్టాల్ ఉంటుంది. ప్రపంచంలో ఉప్పు మీద పనిచేసే వరివాళ్లందరి దగ్గరా అదే ఉంటుంది.

ఈ "తీసి పెట్టడం" అనే మాట వినడానికి తేలిక. రాజేంద్రనగర్ పొలాల్లో ఎప్పుడైనా వరి పూలు విచ్చుకునే ముందురోజు సాయంత్రం వెళ్లి చూడండి. వరి పువ్వు గింజంత ఉంటుంది, నిజానికి గింజ అయ్యేది అదే. చిన్న కత్తెరతో పైభాగం మూడో వంతు కోసి, పట్టకారుతో లోపలి ఆరు పుప్పొడి తిత్తుల్నీ చిట్లకుండా తీసెయ్యాలి. ఆరూ తీశారా, ఐదే తీశారా? ఒకటి మిగిలితే అది తన పుప్పొడితో తానే గింజ కట్టి మీ సంకరం మొత్తం అబద్ధం అవుతుంది. అలా ఒక వెన్నులో ముప్పై, నలభై పూలు చేసి బటర్ పేపర్ సంచి తొడగాలి. మర్నాడు తొమ్మిది, పది గంటలకి రెండో మొక్క పూలు విచ్చుకోగానే దాని వెన్ను తెచ్చి సంచిలో దులపాలి. నలభైలో పది గింజలు కడితే పండగ. వచ్చిన మొక్కల్ని మళ్లీ మన అసలు వరితో కలపాలి. ప్రతిసారీ పొక్కాలి వాటా సగానికి సగం తగ్గుతుంది. కానీ మనకి కావాల్సిన ముక్క పోకూడదు. అందుకు ప్రతి తరంలో ఆకు ముక్క తెంపి డీఎన్ఏ చూసి, ముక్క ఉన్న మొక్కల్నే ఉంచుతారు.

హైదరాబాద్‌కి ఈ పని కొత్త కాదు. రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ, కణ, అణు జీవశాస్త్రం మీద పనిచేసే మన సీసీఎంబీ కలిసి సాంబా మసూరిలోకి బాక్టీరియా ఎండాకు తెగులుని తట్టుకునే మూడు జన్యువుల్ని సరిగ్గా ఇలాగే తెచ్చాయి. 2008లో విడుదలైంది. బియ్యం రుచి మారలేదు, తెగులు తగ్గింది. బాపట్లలో పుట్టిన బీపీటీ 5204కి, అంటే ఆ సాంబా మసూరికే, అది హైదరాబాద్‌లో పెట్టిన కవచం. సాల్టాల్‌ని కూడా మన దేశంలో చాలా వరి రకాల్లోకి ఇలా తెచ్చారు.

మూడో తలుపు, గదిలో పెట్టి తలుపెయ్యడం. కణం మధ్యలో రిక్తిక అనే సంచి ఉంటుంది, సోడియంని దాంట్లోకి తోసే పంపు ఇంకోటి. 1999లో ఎడ్వర్డో బ్లమ్‌వాల్డ్ బృందం ఆ పంపు జన్యువుని అరబిడాప్సిస్‌లో ఎక్కువగా పనిచేయించారు, 2001లో టమాటలో పెట్టారు. సముద్రపు నీళ్లలో ఉండే ఉప్పులో 40 శాతం దాకా ఉన్న నీళ్లు పోసినా ఆ టమాట కాయలు కాసింది. ఉప్పంతా ఆకుల్లో ఉంది, కాయ మామూలుగానే ఉంది. అప్పట్లో పేపర్ల హడావుడి మీరు చూడాలి! ఇక సముద్రపు నీళ్లతో సేద్యమే అన్నారు. పాతికేళ్లయింది. మీలో ఎవరైనా రైతుబజార్లో ఆ టమాట కొన్నారా?

కొనలేదు. ఎందుకని అంటే నా సొంత కథ చెప్పాలి.

పీహెచ్‌డీ చేసే రోజుల్లో నేనూ ఉప్పు తట్టుకునే వరి మొక్కల వరస ఒకటి తీశాను. ఎక్కడన్నది అనవసరం. తొట్టిలో పోషకాల నీళ్లు పోసి, ఉప్పు కలిపి, థర్మాకోల్ చిల్లుల్లో నారు నిలబెట్టి పెంచేవాళ్లం. మామూలు వరి పదో రోజుకి గడ్డిలా ఎండిపోయేది. నాది పచ్చగా నిలబడేది. ఫోటోలు తీసి అందరికీ చూపించాను, మా గైడ్ గారు టీ ఇప్పించారు. సరే పొలంలో పెడదామని నల్గొండ వైపు ఒక రైతు చేలో, "చౌడు చేను కావాలి" అంటే ఆయన చూపించిన మడిలో, నాట్లు వేశాం. పన్నెండో రోజు వెళ్తే నా వరస, మామూలు వరి, పోల్చడానికి పెట్టినవి, అన్నీ ఒకే రంగులో ఉన్నాయి. చిగుళ్లు తెల్లగా పాలిపోయి, నీళ్లు కాఫీ డికాక్షన్‌లా నల్లగా నిలిచి ఉన్నాయి. ఆ రైతు గట్టు మీద కూర్చుని బీడీ వెలిగించి, "సారూ, ఇది కారుచౌడు. దీంట్ల గడ్డే మొలవదు. మీరు చౌడు అన్నరు గని ఏ చౌడో చెప్పలేదు గద" అన్నాడు.

మట్టి పరీక్షిస్తే పీహెచ్ 9.6, అంటే బాగా క్షారం. ఉప్పు చూస్తే అంత ఎక్కువేం లేదు! పెదనాన్న మాట అప్పుడు గుర్తొచ్చింది.

పాలచౌడులో ఉప్పు నీళ్లలో కరిగి ఉంటుంది. మంచి నీళ్లు పెడితే దిగిపోతుంది. మట్టిలోని నీళ్లలో కరెంటు ఎంత పారుతుందో చూసి ఉప్పు కొలుస్తారు, దాన్ని ఈసీ అంటారు. అది 4 దాటితే ఆ పేరు పెడతారు, మీ టీడీఎస్ మీటరు భాషలో సుమారు 2,500. వరికైతే 3 దాటగానే దిగుబడి పడిపోవడం మొదలై, ఒక్కో పాయింటుకీ 12 శాతం చొప్పున తగ్గుతుంది. కారుచౌడులో సోడియం బంకమట్టి రేణువులకే అంటుకుని ఉంటుంది. రేణువులు విడిపోయి, సందులు మూసుకుపోయి, నీళ్లు దిగవు. పీహెచ్ ఎక్కువై నేలలోని సేంద్రియ పదార్థం కరిగి నల్లగా తేలుతుంది, అందుకే అది కారు. ఇనుము, జింకు నేలలో ఉన్నా మొక్కకి అందవు. అందుకే చిగురు పాలిపోతుంది. దానికి జిప్సం వెయ్యాలి, కాల్షియం వెళ్లి సోడియంని మట్టి నుంచి విడగొడుతుంది, అప్పుడు నీళ్లు పెట్టాలి, జీలుగ వేసి కలియదున్నాలి. రెండు చౌళ్లూ రెండు వేరే జబ్బులు. నేను ఒక జబ్బుకి మందు తయారుచేసి ఇంకో జబ్బు ఉన్నవాడికి పట్టించాను.

ఈ విషయం నా ఒక్కడికే కాదు, ఈ రంగం మొత్తానికి వర్తిస్తుంది. ప్రయోగశాలలో ఉప్పంటే షాపులో కొన్న సోడియం క్లోరైడ్. తూకం వేసి కలిపితే రేపటికి లెక్క వస్తుంది, ఎల్లుండికి ఫోటో వస్తుంది, ఏడాదికి పేపర్ వస్తుంది. కారుచౌడుని తొట్టిలో తయారుచెయ్యడం పెద్ద తలనొప్పి. అందుకని వేల పేపర్లు పాలచౌడు గురించే వచ్చాయి. జొన్న గురించి 2023లో వచ్చిన పని నాకు అందుకే నచ్చింది. చైనా బృందం ఏకంగా క్షారానికి తట్టుకునే జన్యువు కోసమే వెతికి, ఏటీ 1 అనే దాన్ని పట్టుకుంది. క్షారం తగిలితే కణంలో హైడ్రోజన్ పెరాక్సైడ్ పేరుకుంటుంది, మీరు గాయాలకి పూసేదే. దాన్ని బయటికి పంపే ద్వారాలకి ఏటీ 1 గడియ పెడుతుంది. ఏటీ 1ని పాడుచేస్తే గడియ ఊడి మొక్క బతుకుతుంది. జొన్నలోనే కాదు, వరిలో, మొక్కజొన్నలో కూడా. నిజమైన కారుచౌడు పొలాల్లో పెంచి దిగుబడి చూపించారు, తొట్టిలో కాదు.

ఇంకో చిక్కు, వయసు. వరి నారుమడిలో ఉప్పుకి బెదురుతుంది, పిలకలు వేసేటప్పుడు కొంచెం ఓర్చుకుంటుంది, పొట్ట దశలో, పూత దశలో మళ్లీ బెదురుతుంది. సాల్టాల్ ప్రధానంగా నారు వయసు జన్యువు. నారు బతికి, ఏపుగా పెరిగి, చివర్లో తాలు గింజలు వస్తే రైతుకేం లాభం? ఫోటోలన్నీ నారు ఫోటోలే ఉంటాయి, చూడండి కావాలంటే.

ఈ మధ్య అందరూ అడిగేది జన్యు సవరణ గురించి. 2025 మే 4న ఢిల్లీలో రెండు సవరించిన వరులు ప్రకటించారు. ఒకటి మన రాజేంద్రనగర్‌లో సాంబా మసూరిలో చేసిన కమల. ఇది గింజలు పెంచడానికి, ఉప్పుకి సంబంధం లేదు. రెండోది ఢిల్లీ పూసా సంస్థది, డీఎస్టీ రైస్ 1. అది ఏ వరి మీద చేశారో తెలుసా? ఎంటీయూ 1010, మన మారుటేరు కాటన్ దొర సన్నాలు! వేరే చెట్టు నుంచి ఏదీ తేలేదు. వరిలోనే ఉన్న డీఎస్టీ అనే జన్యువుని కత్తిరించారు. ఆ జన్యువు ఆకు మీది పత్రరంధ్రాల్ని మూసుకోనివ్వని బ్రేకు లాంటిది. బ్రేకు తీసేస్తే రంధ్రాలు మూసుకుంటాయి, నీటి ఖర్చు తగ్గుతుంది, నీళ్లతో పైకెక్కే ఉప్పూ తగ్గుతుంది. 2009లోనే చైనావాళ్లు ఈ సంగతి వరిలో చూపించారు. బయటి జన్యువు లేని ఇలాంటి సవరణలకి మన దేశంలో 2022 మార్చిలో నిబంధనలు సడలించారు.

చౌడు నేలల్లో 30 శాతం దాకా దిగుబడి పెరుగుతుందని ప్రకటనలో చెప్పారు. ఆ అంకెల మీద విమర్శలు కూడా వచ్చాయి. నేను అటూ కాదు, ఇటూ కాదు. నారు ఫోటో చూపిస్తే నమ్మను, ఒక్క సీజన్ లెక్క చూపిస్తే సగం నమ్ముతాను. పాలచౌడులో ఎంత, కారుచౌడులో ఎంత, చౌడు లేని మంచి నేలలో ఎంత తగ్గింది, అని మూడు అంకెలు పక్కపక్కన పెట్టమంటాను. మూడోది ఎవరూ అడగరు. రంధ్రాలు మూసుకుంటే గాలి కూడా లోపలికి తక్కువ వెళ్తుంది మరి. గోధుమలో ఆ మూడో అంకె కూడా చూపించే పని ఆస్ట్రేలియావాళ్లు చక్కగా చేశారు. రాణా మన్స్ బృందం ఒక పాతకాలపు గోధుమ జాతి నుంచి రెండో తలుపు జన్యువుని డ్యూరం గోధుమలోకి సంకరంతో తెచ్చింది. ఉప్పు పొలంలో గింజ దిగుబడి 25 శాతం పెరిగిందని, ఉప్పు లేని చోట నష్టం లేదని, రెండూ చూపించి 2012లో ప్రచురించారు.

కాకినాడ దగ్గర కోరింగ మడ అడవులకి వెళ్తే ఒక పని చెయ్యండి. మడ ఆకు ఒకటి మెల్లగా నాలుకకి ఆనించండి. ఉప్పగా ఉంటుంది. ఆకు మీద గ్రంథులున్నాయి, ఉప్పుని చెమటలా బయటికి పోస్తాయి. చెన్నైలో స్వామినాథన్ పరిశోధన సంస్థవాళ్లు ఈ మడ జాతి జన్యువుల్ని వరిలో పెట్టి చూశారు. కానీ మడ చెట్టుకి వేరు దగ్గర వడపోత ఉంది, ఆకు మీద గ్రంథి ఉంది, నిదానంగా పెరిగే తీరు ఉంది. దాంట్లోంచి ఒక ఇటుక తెస్తే ఇల్లు రాదు. నాలుగు నెలల్లో ఎకరానికి ముప్పై బస్తాలు ఇవ్వమని మడ చెట్టుని ఎవరూ అడగలేదు కదా.

టైమ్ అయిపోయినట్టుంది. ప్రశ్నలుంటే అడగండి.

(ఒక విద్యార్థిని: సార్, మూడు తలుపుల జన్యువులూ ఒకే మొక్కలో పెడితే అయిపోదా?)

మంచి ప్రశ్న. పెట్టారు, పెడుతున్నారు. కానీ ప్రతి పంపూ కరెంటుతో నడిచినట్టు శక్తితో నడుస్తుంది. మూడూ ఎప్పుడూ తిరుగుతుంటే బిల్లు ఎవరు కడతారు? గింజ కడుతుంది. అవసరమైనప్పుడు, అవసరమైన కణంలో మాత్రమే తిరిగేలా చెయ్యాలి. నువ్వు పీహెచ్‌డీ చేస్తానంటే అది పట్టుకోమ్మా. తొట్టిలో మాత్రం ఆపకు.

(వెనక వరస నుంచి ఒక పెద్దాయన: సార్, మాది బోడుప్పల్. మా బోరు నీళ్లు మస్తు ఉప్పగుంటయి. ఆర్వో మిషన్ నుంచి వచ్చే వేస్ట్ నీళ్లు మొక్కలకి పోస్తున్నం, పారబొయ్యబుద్ధి కాక. పోయొచ్చా?)

పోయొద్దండీ. ఆర్వో మిషన్ మంచి నీళ్లు మీకిచ్చి, ఆ ఉప్పంతా ఈ నీళ్లలోకి తోస్తుంది. మీ బోరు నీళ్ల కంటే అవి ఇంకా ఉప్పన. బాత్రూమ్ కడగడానికి వాడుకోండి. మొక్కలకి ఆ బోరు నీళ్లే నయం. కానీ రోజూ కొంచెం కొంచెం కాకుండా, పోసినప్పుడు కుండీ అడుగు నుంచి నీళ్లు కారేదాకా పొయ్యండి. కారే నీళ్లే ఉప్పుని మోసుకెళ్తాయి. వానాకాలంలో కుండీల్ని షెడ్డు కింద దాచకండి, బాగా తడవనివ్వండి.

(కరివేపాకు తెచ్చిన మేడమ్: మరి నా మొక్కకి జిప్సం వెయ్యనా సార్?)

మీ చిగురు పచ్చగానే ఉందమ్మా, మీది పాలచౌడే. జిప్సం అక్కర్లేదు. ఇంటికెళ్లగానే ఆ కుండీని పక్కకి వంచి అడుగు చూడండి, నీళ్లు పోయే చిల్లు వేళ్లతో మూసుకుపోయి ఉంటుంది.